ఉత్తరపు గోడకు పోసిన మంచు

ఒగ్దో బతుకంతా పశువుల కొట్టంలోనే గడిచింది. పాలు పితికి పితికి వేళ్లు వంకర్లు పోయాయి. భర్త ఇస్తెపాన్‌కు కాళ్లు పడిపోయాక, ఆ కొయ్య ఇల్లూ అతని మంచమే ఆమె లోకం. మంచం ఉత్తరపు గోడ పక్కన, కిటికీ కింద వేసింది. అతనికి వీధి కనిపించాలి కదా.

ఆ గోడకు చలి తగలకూడదని పక్కింటి ప్రొకోపి ఏటా వీధిలోని మంచు అంతా పారతో ఎత్తి కిటికీ దాకా పోసేవాడు, నడుం నొప్పితో మూలుగుతూనే. ఎవరూ అడగలేదు. పొయ్యిలో అగ్నికి మొదటి అట్టుముక్క పెట్టేటప్పుడు ఒగ్దో అతన్నీ తలుచుకునేది.

ఓ వేసవిలో బల్లమీది చారుగిన్నె దానంతటదే గోడవైపు జారింది. కొన్నాళ్లకు తలుపు బిగుసుకుంది.

"ఇల్లు కూడా నాలాగే ఒరిగిపోతోందే," అన్నాడు ఇస్తెపాన్.

ఆమెకు నవ్వు రాలేదు. ఊరి చివరి కొట్టం కూడా ముందు ఇలాగే ఒరిగింది, తర్వాత ఒక్క వానకు నేలలో దిగబడింది. ఆవులు నడిచి బయటపడ్డాయి. ఇతను నడవలేడు.

గునపం తెచ్చి గోడవారన గుచ్చింది. ఆ చలిదేశంలో ఒకప్పుడు వేసవిలోనూ మోకాలి లోతులోనే, ఎన్నడూ కరగని గడ్డ నేల తగిలి ఖంగుమనేది. ఇప్పుడు వెన్నలోకి దిగినట్టు నడుం దాకా దిగిపోయింది. చలికాలంలో గాలికి మంచు నిలవని వాకిట్లో గుచ్చి చూసింది. అక్కడ ఖంగుమంది. చలి తగిలితేనే నేల రాయిలా బిగుస్తుంది. ఇన్నేళ్లూ తాము దానికి మంచుదుప్పటి కప్పి వెచ్చగా పడుకోబెట్టారు.

ఆ రోజే ఇస్తెపాన్ కింద గుర్రపు తోలు పరిచింది, కొస తలుపువైపు ఉండేలా. నేల కుంగితే ఈడ్చుకుపోవచ్చు.

"తోలులో చుట్టి సంతలో అమ్మేస్తావా ఏంటి?"

"ఎవరు కొంటారు నిన్ను," అంది. తోలు కొసను మాత్రం ఓసారి లాగి చూసుకుంది.

మంచు పడ్డాక ప్రొకోపి పారతో వచ్చాడు.

"తమ్ముడూ, ఈసారి పోయకు."

"ఏం అక్కా, చలికి బావని వదిలించుకుందామనా?"

ఆమె గునపం సంగతి చెప్పింది. ప్రొకోపి పార కిందికి దించాడు. "అంటే ఇన్నాళ్లూ మీ ఇంటికింద గొయ్యి తవ్వింది నేనా?"

"నువ్వు పోస్తుంటే పక్కన నిలబడి టీ అందించింది నేను కాదా?"

లోపలినుంచి ఇస్తెపాన్ కేకేశాడు. "ఒరే, పార పారేయకు. ఇప్పుడు తీసిపోయడానికి కావాలి."

ఆ చలికాలమంతా మంచు పడ్డప్పుడల్లా ప్రొకోపి గోడవార ఊడ్చి శుభ్రం చేశాడు. మంచం పొయ్యి పక్కకు మారింది. కిటికీ ఇస్తెపాన్‌కు దూరమైంది. గోడ లోపలివైపు తెల్లగా మంచు నూగు కట్టింది. అతను దగ్గినప్పుడల్లా, తాను చేసింది మంచో చెడో ఒగ్దోకు తెలిసేది కాదు.

చలి బాగా ముదిరిన ఓ మధ్యాహ్నం బయట తుపాకీ పేలినట్టు చప్పుడైంది. ఒగ్దో తోలు కొస గట్టిగా పట్టుకుంది. ఇల్లు కదల్లేదు. మెల్లగా బయటికెళ్లి గునపంతో పొడిచింది. ఖంగుమంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన ప్రొకోపి నేలవైపు చూపించాడు. చలికి నేల పగిలి, వెంట్రుకంత సన్నని బీట ఒకటి వాకిట్లోంచి గోడ కిందికి పోయింది.

"మంచు కరిగాక నీళ్లు దీంట్లోకి దిగితే, అక్కా?"

ఆమె గునపం గోడకు ఆనించింది. లోపలికెళ్లి అగ్నికి అట్టుముక్క పెట్టి, ఆ బీటను కూడా చల్లగా చూడమంది. తర్వాత వంగి, మడతపడ్డ తోలు కొసను మళ్లీ తలుపువైపు సరిచేసింది.