అమ్మ దాచిపెట్టిన నొప్పి

మా వీధిలో మగ్గం ఆగిందంటే ఎవరూ పట్టించుకోరు. పోగు తెగి ఉంటుంది, లేదా నీళ్లు తాగడానికి లేచి ఉంటారు. ఆ పొద్దున అమ్మ మగ్గం ఆగినప్పుడు నేనూ అట్లే అనుకున్నాను. వంటింట్లోంచి వచ్చి చూస్తే అమ్మ మగ్గం గుంటలోనే ఉంది. తల మాత్రం సగం నేసిన చీర మీద వాలిపోయింది. మెడంతా చెమట.

"ఏమైందిమా?"

"గ్యాసు మే. రాత్రి సంగటి అరగల్యా. అరవద్దు, మీ నాయన వింటాడు."

ఎడమచేతిని నొక్కుకుంటూ ఆ మాటంది. పోయినేడు నాయనకు గుండెపోటు వచ్చినప్పుడు ఆయనా అట్లే నొక్కుకున్నాడు. ఇంక ఆమె మాట వినలేదు, ఆటో పిలిచాను.

బద్వేలు ఆసుపత్రిలో పరీక్ష చేసి, "గుండెపోటే. ఇక్కడ కాదు, కడపకు తీసుకుపోండి" అన్నారు. మాత్ర నమిలించి అంబులెన్సు ఎక్కించారు. సర్కారు ఆరోగ్య కార్డు ఉంటే పెద్దాసుపత్రి కూడా పైసా అడక్కుండా చూస్తుంది, నిజమే. ఆ పెద్దాసుపత్రి మాత్రం మాకు దగ్గర్లో లేదే! అమ్మ పెదాలు నల్లబడుతున్నాయి. డ్రైవరు ఎంత తోలినా బండి కదలనట్టే ఉంది. అహోబిలం నరసింహుడికి మొక్కాను. ఎటూ కోపిష్టి దేవుడే కదా, ఆ కోపమేదో ఈ రోగం మీద చూపించమన్నాను.

అమ్మ నా కొంగు పట్టి లాగింది. "మే, బండి తిప్పమను. కార్డు నాకు వాడొద్దు. మీ నాయనకు మళ్లా వస్తే ఆయప్ప యాడికి పోతాడు?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. మా వీధి ఆడవాళ్లు ఆ కార్డును రేషన్ బియ్యం మాదిరి చూస్తారు. ఒకరు వాడేస్తే ఇంకొకరికి మిగలదనుకుని, మొగుడికో కొడుక్కో ఉండనీ అని తాము ఓర్చుకుంటారు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని అరిచాను. అరవకపోతే ఏడ్చేసేదాన్ని.

కడప ఆసుపత్రిలో కార్డులు చూసే అమ్మాయి ఎదురొచ్చింది. అమ్మ స్ట్రెచర్ మీది నుంచే ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇది నాకు వాడితే మా ఇంటాయనకు ఉంటాదా పాపా?"

"ఉంటాదమ్మా. ఇంటిల్లిపాదికీ ఉండాది. ఆయనకు మళ్లా వచ్చినా చేస్తారు."

అమ్మ నా వైపు తిరిగింది. "అయ్యో, ముందే అడిగింటే బాగుండు గదా మే. ఉగాది నుంచి ఓర్చుకుంటాండా."

అప్పటికి కార్తీకం వచ్చేసింది. నేను నోరు తెరిచేలోపే స్ట్రెచర్ లోపలికి పోయింది, తలుపు మూశారు. డాక్టరుకు ఆ సంగతి ఎవరు చెబుతారు? తలుపు బాదుతూ, "ఉగాది నుంచి సార్, ఉగాది నుంచి!" అని అరిచాను. ఎవరూ తెరవలేదు.

అమ్మ బతికింది. కానీ ఇప్పటికీ ఆమె "నాకేం కాలేదు మే" అంటే చాలు, నా చూపు ఆమె ఎడమచేతి మీదికి పోతుంది.