వేలాడే పని లేని పాసు

మంచు మీద జారిపడడానికి కూడా పాసు కొనుక్కోవాలని బహ్రెయిన్‌కు వచ్చి ఇన్నేళ్లయ్యాక తెలిసింది నాకు. ఊళ్లో వానాకాలం బురదలో ఎన్నిసార్లు జారిపడ్డా ఎవ్వరూ టికెట్ అడగలేదు. పైగా చూసి నవ్వుకునేవాళ్లకు కూడా అది ఉచితమే.

మాకీ మంచు యోగం ఎట్లా పట్టిందో ముందు చెప్పాలి. మనామా పక్కనే ఉన్న సీఫ్‌లో అద్దాల బిల్డింగులను బయటి నుంచి తుడవడం నా డ్యూటీ. పైకప్పు మీంచి ఇనుప రోపులు దిగుతాయి, వాటికి ఒక పొడుగాటి తొట్టి వేలాడుతుంది. కాగితాల్లో దాని పేరు క్రేడిల్. మేం జూలా అంటాం. జూలాలో ఎప్పుడూ ఇద్దరే. ఈ కొసకొక మోటారు, ఆ కొసకొక మోటారు, ఎవరి బటన్ వాళ్ల దగ్గర. ఒకడు "యల్లా", అంటే పద, అనాలి, ఇద్దరూ ఒక్కసారే నొక్కాలి. ఒక్కడే నొక్కితే తొట్టి ఒరుగుతుంది. మరీ ఒరిగితే లాక్ రోపును కరిచి పట్టుకుంటుంది, ఇక పైకీ లేదు కిందికీ లేదు. మొగుడూ పెళ్లాల మధ్య కూడా ఇంత పొందిక ఉండదు.

నా జోడీ మా పక్క ఊరి మనిషి, నాకన్నా వయసులో పెద్ద. చుట్టరికం ఏమీ లేకున్నా బావా అని పిలుస్తాను, ఆయనా నన్ను బావా అంటాడు. బావ అయితే ఎంతైనా ఎక్కిరించుకోవచ్చు కదా, ఆ సౌలత్ కోసం. ఎక్కిరించేది మాత్రం నేనొక్కడినే. ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి.

పోయిన చలికాలం ఒకరోజు ఉన్నట్టుండి షమాల్, అదే ఇక్కడి ఉత్తరపు గాలి, లేచింది. కిందికి దిగుదామనుకునేలోపే జూలా ఒరిగి లాక్ పడింది. బిల్డింగుకు పై భాగాన, సరిగ్గా ఓనరు ఆఫీసు ముందు ఆగిపోయాం. ఓనరు బహ్రెయినీ పెద్దమనిషి. అద్దానికి ఆవల ఆయన, ఈవల మేము. ఆ అద్దాలు తెరుచుకునేవి కావు. ఆయన చాయ్ కప్పు ఎత్తి కావాలా అని సైగ చేశాడు. చక్కెర తక్కువ అని నేను సైగ చేశాను. ఆయన కుర్చీలో కూలబడి నవ్వాడు. గాలి మమ్మల్ని తీసుకెళ్లి అద్దానికి కొడుతుంటే, "ఇంతసేపు తలుపు కొట్టినా తీస్తలేరంటే ఇంట్ల ఎవ్వరు లేరు బావా, మళ్లొద్దాం పా" అన్నాను. బావ కూడా నవ్వాడు. పైనుంచి మనుషులొచ్చి లాక్ విడిపించేదాకా నా నోరు ఆగలేదు.

ఓనరుకు మేము తెగ నచ్చేశాం. పిలిపించి కూర్చోబెట్టి, మీ గుండెల్లో భయమనేదే లేదన్నాడు. ఆయన ఏటా మంచు కొండలకు పోయి ఆడొస్తాడట. మీలాంటివాళ్లు చూడాల్సిన చోటు అది అని ఇద్దరికీ సెలవు ఇప్పించి, జార్జియా దేశానికి టికెట్లు, హోటలు, కాళ్లకు కట్టుకునే స్నోబోర్డులు, నేర్పడానికి ఒక మాస్టరు, అన్నీ తన ఖాతాలో రాయించాడు. ఒక్కటే కోరిక కోరాడు. అన్నిటికన్నా పైనున్న శిఖరం మీద మేమిద్దరం నిలబడ్డ ఫోటో ఒకటి కావాలి, ఆఫీసులో పెట్టుకుంటానన్నాడు.

బావకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, కారణం వేరు.

ఆ రోజు నేనేసిన జోకులు బావ కోసం కాదు, ఓనరు కోసమూ కాదు. నోరు మూసుకుంటే లోపలి నుంచి కేక వచ్చేట్టుంది, అందుకని మాట్లాడుతూ పోయాను. కిందికి దిగాక భయం కూడా దిగిపోతుందనుకున్నా. అది నాతోపాటే మేముండే లేబర్ క్యాంపుకు వచ్చింది, నాతోపాటే మళ్లీ జూలా ఎక్కింది. అప్పటి సంది ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా అద్దాన్నే చూస్తూ నిలబడేవాడిని, వెనక్కి తిరిగేవాడిని కాదు. బటన్ మీద బొటనవేలు చెమటకు జారేది. ఎవరికి చెప్పుకోవాలి? ఎత్తు మీద పనిచేసేవాడికి కార్డు ఉంటుంది. భయమన్న మాట సూపర్‌వైజర్ చెవిన పడితే ఆ కార్డు పోతుంది. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు చేతనైన విద్య అద్దం తుడవడం ఒక్కటే. అందుకని రోజూ ఇంకాస్త ఎక్కువ మాట్లాడేవాడిని.

అట్లాంటి సమయంలో మనామాలోని ట్రావెల్ ఆఫీసుకు రమ్మన్నారు. కౌంటర్లో కేరళ అమ్మాయి హిందీలో ఓపిగ్గా చెప్పింది. అన్నీ తయారు, లిఫ్టు పాసు ఏది కావాలో చెప్పండి, అదొక్కటే మిగిలింది అంది. చిన్న పాసు అయితే కొండ కింది మైదానం వరకే. అక్కడ నేల మీద ఒక బెల్టు ఉంటుంది, ఎయిర్‌పోర్టులో మన సామాన్ తిరిగే బెల్టులాంటిది. దాని మీద నిలబడితే కాస్త పైకి తీసుకెళ్లి దించుతుంది, అక్కణ్నుంచి జారుకుంటూ రావడమే. పెద్ద పాసు అయితే కొండంతా తిరగొచ్చు. రోపుకు కట్టిన కుర్చీలో కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడుతూ శిఖరం దాకా పోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదట చిన్న పాసే మేలు, బోర్డు మీద నిలబడడం రాకుండా పైకి పోతే దిగడం కష్టం అని కూడా చెప్పింది. ఆ పిల్లకు అక్కడికక్కడే హారతి ఇద్దామనుకున్నా.

బావ ఒక్కటే అడిగాడు, చిన్న పాసుతో శిఖరం మీదికి పోనిస్తారా అని. పోనివ్వరంది. అయితే పెద్దదే అన్నట్టు నావైపు చూశాడు. నేను ఆలోచించి చెప్తామని ఆయన్ని బయటికి లాక్కొచ్చాను. మర్నాడు మధ్యాహ్నంలోపు చెప్పాలి, పండుగ సెలవుల రద్దీ ఉంది అని వెనక నుంచి ఆమె గుర్తుచేసింది.

ఆ సాయంత్రం క్యాంపు గదిలో నా తెలివంతా ఖర్చుపెట్టాను. నేల మీద సరిగ్గా నడవడమే రాని మనకు శిఖరం ఎందుకన్నాను. చలికి కుర్చీకి అంటుకుపోతే బట్టలు అక్కడే వదిలి దిగాలట అన్నాను. మధ్యలో కరెంటు పోతే అక్కడ చాయ్ చూపించడానికి ఓనరు కూడా ఉండడన్నాను. బావ వింటున్నాడో లేదో. రెండు నీళ్ల సీసాల మీద చెక్క పలక వేసి, ఫోన్‌లో వీడియో చూస్తూ, దాని మీద చేతులు చాపి నిలబడడం నేర్చుకుంటున్నాడు. ఆ మనిషిని అంత సంతోషంగా నేనెన్నడూ చూడలేదు. చివరికి పలక మీద నుంచే అన్నాడు.

"చేతిల వైపర్ లేకుండ ఒక్కసారన్న మీదికి పోవాలె బావా. ఊరికెనే కూసోని. మనను ఇంకెవ్వడన్న లాగాలె."

ఇద్దరం చెరొక రకం పాసు తీసుకోవచ్చు కదా అన్న ముచ్చట ఆయనకు తట్టనే లేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు. జూలాలో ఒకడు పైన, ఒకడు కింద ఉండడం మేమెరగం. ఇద్దరిదీ ఒకటే ఎత్తు. అంతే.

మర్నాడు పొద్దున్న సముద్రం వైపు అద్దాలు తుడుస్తూ సగం బిల్డింగు ఎక్కాం. బావ ఫోను మెడలో తాడుకు కట్టి ఉంటుంది, అది మోగింది. ట్రావెల్ అమ్మాయి వాయిస్ మెసేజ్ పంపింది, భాయ్, ఇంకా చెప్పలేదు, ఏ పాసు అని. బావ ఫోను నా నోటి ముందు పెట్టాడు. నేను మేడం, టిఫిన్ చేశారా అని అడిగాను. బావ దాన్ని చెరిపేసి మళ్లీ పెట్టాడు. ముందు ఈ వరస తుడిచి పైకి పోయాక చెబుదామని, యల్లా అని నా బటన్ నొక్కాను.

నా కొస జానెడు లేచింది. ఆయన కొస లేవలేదు. సబ్బు నీళ్ల బకెట్ జరజరా ఆయన వైపు జారిపోయింది. నా గుండె దానికన్నా ముందు పోయింది. బటన్ వదిలేసి రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నాను. బావ బటన్ దగ్గర లేడు. చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"చెప్పేదాంక నేను బటన్ ముట్టను," అన్నాడు. "నిన్న సంది సూస్తున్న. ఏదో దాస్తున్నవ్."

ఆయన వైపు తిరగాలంటే సముద్రం కనిపిస్తుంది. అందుకని అద్దంతోనే మాట్లాడదామని చూశాను. అద్దం లోపల ఎవరిదో ఆఫీసు. నేల మీద తివాచీ, కిటికీ పక్కన పూలకుండీ, ఒకాయన బిస్కెట్ చాయ్‌లో ముంచి కంప్యూటర్ చూసుకుంటున్నాడు. ఆ తివాచీకీ నా కాళ్లకూ మధ్య నాలుగు వేళ్ల దూరం. వెయ్యేళ్లు కొట్టినా అటు పోలేను. పైకి పోదామంటే ఆయన నొక్కాలి, కిందికైనా ఆయనే నొక్కాలి. లోపలాయన తలెత్తి చూసి, మళ్లీ బిస్కెట్ ముంచుకున్నాడు. రోజూ చూసే అద్దాలవాళ్లే కదా అనుకుని ఉంటాడు. ఒక మంచి జోకు గొంతు దాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. జోకు నోటికి రాకపోవడం నా బతుకులో అదే మొదటిసారి.

"నాకు భయమైతున్నది బావా."

బావ ఆగాడు. నేను మిగతాది చెప్తానని కాచుకున్నాడు, పాపం.

"ఊఁ, తర్వాత?" అన్నాడు, నవ్వడానికి తయారుగా.

"తర్వాత ఏం లేదు. గంతే."

ఆయన మొహంలో నవ్వు ఎటు పోవాలో తెలియక కాసేపు అక్కడే ఉండి పోయింది. ఎప్పటి సంది అని అడిగాడు. చిక్కుకున్న దినం సంది అన్నాను. నా చేతులు చూశాడు, కడ్డీ మీద తెల్లగా పాలిపోయిన వేళ్లు చూశాడు. నా దిక్కు అద్దాల మీద ఈమధ్య గీతలు ఎందుకు మిగిలిపోతున్నాయో అప్పుడు అర్థమైనట్టుంది, వాటినీ చూశాడు. తర్వాత ఆయనకు కోపం వచ్చింది. ఆయనకు కోపం ఉంటుందని కూడా నాకు తెలియదు.

"ఆ కొసకున్నోడు గట్టిగున్నడనుకొని నేను ఈ కొసకు బటన్ నొక్కుతున్న. నా పానం సుత నీ చేతిలనే ఉండె గద బావా. ఒక్క మాట చెప్పకపోతివి."

"చెప్తే కార్డు పోతది."

ఆయన నా కొసను కొంచెం దించమన్నాడు. నొక్కాను, తొట్టి సమానమైంది. పైకి అనుకున్నా. "కిందికి," అన్నాడు. ఒక్కో అంతస్తూ ఒక్కో ఊరంత పొడుగ్గా గడిచింది.

నేల మీద కాలు పెట్టాక నా నోరు మళ్లీ లేచింది. సెలవు అయిపోయి వచ్చాక చెబుదామన్నాను, ఓనరు మనసు కష్టపెట్టొద్దన్నాను, అప్పటిదాకా భయమే పోవచ్చన్నాను. బావ ఒంటికి కట్టుకున్న హార్నెస్ విప్పుకుంటూ అంతా విన్నాడు.

"రేపు నీతోని నేను ఎక్క," అన్నాడు. "నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

నేనే పోయాను. సూపర్‌వైజర్ కోస్తావైపు మనిషి, చదువుకున్నాయన, మనామాలోని జింజ్‌లో కుటుంబంతో ఉంటాడు. నవ్వుతాడేమో, అరుస్తాడేమో అనుకున్నా. రెండూ చేయలేదు. ఆ రోజే చెప్పి ఉండాల్సింది కదయ్యా అని కార్డు అడిగి తీసుకుని సొరుగులో పెట్టాడు. కింద పని ఏదైనా ఉందేమో చూస్తాను, లేకపోతే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు అన్నాడు. సెలవుకు పోయి రమ్మన్నాడు, అది ఓనరు ఇప్పించింది కాబట్టి. నిజం చెప్పేస్తే తేలికవుతుందంటారు. ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి నాకు ఊపిరి ఆడే జాగా ఇంకాస్త తగ్గినట్టే అనిపించింది. పైన ఉన్నప్పుడు కనీసం అద్దం ఉండేది చూసుకోవడానికి.

బయట ఎండలో బావ నిలబడి ఉన్నాడు. నా మెడలో కార్డు లేకపోవడం చూశాడు. తర్వాత ట్రావెల్ అమ్మాయికి ఫోను చేసి స్పీకర్ పెట్టాడు. తనకొచ్చిన హిందీలో, మేడం, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అన్నాడు. నేను ఆయన మొహంలోకి చూశాను. మరి ఫోటో అని మెల్లగా అడిగాను.

"నేను మీదినుంచి నిన్ను తీస్త. నువ్వు కిందినుంచి నన్ను తియ్యి. ఇద్దరిది సూపెడ్దాం. సారుకు నచ్చితే పెట్టుకుంటడు, లేకుంటె లేదు."

అది జోకో కాదో తెలియలేదు. నవ్వాలో వద్దో కూడా తెలియలేదు. ఈలోపు ఫోన్‌లో ఆ అమ్మాయి, పాసుల మీద పేర్లు రాయాలి, చిన్నది ఎవరిది భాయ్ అని అడిగింది. బావ ఫోను నావైపు చాపి, తల పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు. బిల్డింగు గేటు దగ్గర వాచ్‌మన్, మా వాళ్లు ఇద్దరు ముగ్గురు వింటున్నారు.

"చిన్నది నాది," అన్నాను.

గొంతు పెద్దగానే వచ్చింది. ఆమె సరే అని, బూట్ల సైజు అడిగింది.