ఆఫీసరు ఎక్కని రైలు

రైల్వే ఆఫీసరును సైకిల్ వెనుక కూసోబెట్టుకొని, ఆయన మెడల బంతిపూల దండతోటే మిర్యాలగూడ దాక తొక్కిన మనిషిని మీరెక్కడన్న చూసిండ్రా? చూడకుంటే ఇటు తిరగండి. చాయ్ చల్లారనీయకండి, తాగుకుంటనే వినండి.

మాది వేములపల్లి దగ్గర చిన్న ఊరు. మా ఊరికి రైలు హాల్టు ఉన్నది. మొరం పోసిన ప్లాట్‌ఫాం, ఒక పసుపు బోర్డు, రేకుల షెడ్డు, ఆ షెడ్డుల కమీషన్ మీద టికెట్లు అమ్మే సత్తయ్య. అంతే! అయినా సూర్యాపేట అంత పెద్ద ఊరికి రైలు లేదు, కోదాడకు లేదు, మాకున్నది. సూర్యాపేటల మా బావమరిది ఇంటికి పోయినప్పుడల్ల అన్నం కలుపుకుంట ఈ మాట తెస్త. ఆయనకు ముద్ద దిగక నీళ్ల గ్లాసు వెతుక్కుంటడు.

ఈ హాల్టుకు పెద్ద చరిత్రే ఉన్నది. ఎనభైలల్ల పట్టాలు కొత్తగ పడ్డప్పుడు రైలు మా పొలాల నడుమ నుంచే ఉరికేది గాని ఆగకపోయేది. మాకు బస్సుకు చెయ్యెత్తుడు అలవాటు. అట్లనే పట్టాల పక్కన మూటలతోటి నిలబడి రైలుకు కూడ చెయ్యెత్తేటోళ్లం. డ్రైవరు మంచోడు, ఆయన కూడ చెయ్యూపి టాటా చెప్పి పోయేటోడు. మస్తు రోజులు ఇట్లనే నడిచింది. ఆఖరుకు నేనే అర్జీలు పెట్టి పెట్టి హాల్టు తెచ్చిన. ఇంగ్లీషులనే పెట్టిన! నేను బడికి పోయింది తక్కువే. రేడియోలు విప్పి బిగించుడు ఎట్ల నేర్చుకున్ననో ఇంగ్లీషు కూడ అట్లనే సొంతంగ నేర్చుకున్న. బిగించినంక రెండు మూడు ముక్కలు బయట మిగిలిపోతయ్, అంతే తేడా.

మొన్న సత్తయ్య ఉరుక్కుంట నా రేడియో షాపుకు వచ్చిండు.

"అన్నా, కొంప మునిగింది! రేపు పొద్దుగాల రైలుకు ఆఫీసరు దిగుతున్నడు. ఎక్కేటోళ్లు తక్కువైండ్రని హాల్టు తీసేస్తరట."

వెనుకనే మంగమ్మ వదిన. ఆమె రోజు కూరగాయల గంపలు రైల్లనే మిర్యాలగూడకు తీస్కపోతది. "హాల్టు పోతే నా గతేంది మరిదీ? బస్సోడు గంపను సూస్తనే రైట్ రైట్ అంటడు. తెచ్చినోనివి నువ్వే, నువ్వే కాపాడాలె."

"నేనుండంగ ఎవడు తీస్తడు వదినా?" అన్న. గట్టిగనే అన్న.

ఆ సాయంత్రమే ఊర్ల చాటింపు వేయించిన. ఆఫీసరంటే మనింటికొచ్చే సుట్టం. సుట్టమొస్తే ఇల్లిడిసి పోతమా? అందరు హాల్టు కాడికి రావాలె, ఈ యాదగిరి, అంటే నా ఉపన్యాసం అయ్యేదాక ఒక్కరు కూడ కదలొద్దు!

తెల్లారి చూస్తే జాతర! మిల్లులకు పోయే హమాలీలు, గంపలతోటి ఆడోళ్లు, డప్పులు, దండలు. రైలొచ్చింది. ఆఫీసరు దిగిండు. సన్నటి మనిషి, కోస్తా మాట. దండ వేసిన. ఆయన ఆ జనాన్ని చూసి కళ్లు పెద్దవి చేసిండు.

"వీళ్లంతా ప్రయాణికులేనాండీ?"

"అవు సార్, రోజు పోయేటోళ్లే," అన్నడు సత్తయ్య.

నేను గొంతు సవరించుకొని చరిత్ర మొదలుపెట్టిన. రైలు కూత వేసింది. ఎవరూ కదలలే. మళ్ల కూత వేసింది. ఊహూ!

"మరి ఎక్కరేమండీ?" ఆఫీసరు పరేషాన్ అయిండు.

"మీరొచ్చినంక ఇడిసిపెట్టి ఎట్ల పోతం సారూ? మర్యాద గాదు," అన్నది మంగమ్మ వదిన.

రైలు మా ఊరోళ్లను ఒక్కల్ని కూడ ఎక్కించుకోకుండ పోయింది. ఆఫీసరు జేబుల నుంచి పెన్ను తీసిండు. "నేను చూసింది రాస్తానండీ. ఈ రైలుకు ఎవరూ ఎక్కలేదు."

అప్పటికి నా చరిత్ర ఇంక టాటా కాడనే ఉన్నది!

"సార్, సార్! మధ్యాహ్నం రైలు కూడ చూసి రాయండి," అని కాళ్లా వేళ్లా పడ్డ. ఆయన పోవాల్సింది కూడ ఆ రైలుకే. మా ఇంట్ల నాటుకోడి కూరకు ఆయనను అప్పజెప్పి, నేను వాడ వాడ తిరిగిన. "పని ఉన్నా లేకున్నా అందరు రైలెక్కాలె!"

"పొద్దుగాల మిల్లు పని చెడగొడ్తివి," అన్నరు హమాలీలు. "పోనీ, సినిమాకన్న పోతం."

మధ్యాహ్నం రైలుకు ఊరు ఊరంత దిగింది. జన్మల రైలెక్కని ముసలోళ్లు కూడ వచ్చిండ్రు. సత్తయ్యకు టికెట్లు చింపి చింపి చెమటలు. రైలేమో అప్పటికే కిటకిట.

"ముందు వాళ్లను ఎక్కనివ్వండి. నేను చూడాలి," అని ఆఫీసరు పక్కకు నిలబడ్డడు. పక్కకు నిలబడ్డ మనిషి ఊకెనే ఎందుకుండాలె? నేను ఇడిసిన కాడి నుంచి చరిత్ర అందుకున్న. మర్యాదస్తుడు, విన్నడు. నేను అర్జీల కాడికి వచ్చిన్నో లేదో, రైలు కూత!

ఆయన దగ్గరి డబ్బాకు ఉరికిండు. తలుపుల మంగమ్మ వదిన, చుట్టూ గంపలు.

"నువ్వే గద సారూ ఎక్కాలన్నది! ఎక్కినం. ఇగ జాగ లేదు, ఎనక డబ్బా సూస్కో."

వెనక్కి ఉరికినం. మా ప్లాట్‌ఫాం పొట్టిది, గార్డు డబ్బా ఎప్పుడూ పొలం కాడనే ఆగుతది. మేం గట్టు దిగేసరికి రైలు కదిలింది. ఆఫీసరు రెండు చేతులెత్తిండు. నేను కూడ ఎత్తిన. గార్డు మమ్మల్ని చూసిండు. ప్రేమగ నవ్విండు. చెయ్యూపి టాటా చెప్పిండు.

ప్లాట్‌ఫాం మీద మేమిద్దరమే మిగిలినం. సత్తయ్య కూడ జోష్‌ల రైలెక్కి పోయిండు!

మాపటికి మిర్యాలగూడల ఆయనకు మీటింగు. ఆ యాళ్లకు బస్సు లేదు, నా సైకిల్ తప్ప గతి లేదు. ఎక్కించుకొని తొక్కుతున్న. ఆయన మెడల పొద్దుగాలటి దండ అట్లనే ఉన్నది. కాలువ బ్రిడ్జి కాడ ఎదురుంగ బస్సొచ్చి స్లో అయింది. కండక్టరు తల బయట పెట్టిండు.

"యాదగిరన్నా, సైకిలేంది? పొద్దుగాల నీ సీట్ల తువ్వాల ఏసి పెడితి, రాకపోతివి!"

బస్సు పోయింది. వెనుక నుంచి మెల్లగ ఒక ప్రశ్న. "మీరు రోజూ బస్సులోనే వెళ్తారాండీ?"

"షాపు బస్టాపు కాడనే సార్... రేడియో సామాన్లకు మిర్యాలగూడ పోవాలంటే బస్సే దగ్గరయితదని..."

సైకిల్ ఊగుడు మొదలయింది. రాయి తగిలిందేమో అనుకున్న. కాదు, ఆఫీసరు నవ్వుతున్నడు.

"హాల్టు ఉంచమనే రాస్తానండీ, జనం ఉన్నారుగా. కానీ ఒక్క షరతు. మీరు మాత్రం బస్సుకే వెళ్లండి. మీరు రైలు దగ్గరికి వస్తే ఎవరూ ఎక్కరు."

హాల్టు ఉన్నది. మంగమ్మ వదిన గంపలు రోజు పోతున్నయ్. నేను సూర్యాపేటకు పోయి బావమరిదికి అన్నం కాడ చెప్పిన: "రైల్వే వాళ్లు నా ఒక్కని కోసమే ప్రత్యేకంగ ఆర్డరేసిండ్రు, తెలుసా?"

ఆయన నీళ్లు తాగిండు. ఏం ఆర్డరని అడగలే. మీరు కూడ చెప్పకండి!