వట్టివేళ్ల కూలర్

మలేషియాలో చలికాలం ఒక్కచోటే ఉంటుంది, మా ఆఫీసులో. ఏడాది పొడుగునా అక్కడ నేను స్వెట్టర్ వేసుకునే కూర్చునేవాడిని. ఆ కరెంటు బిల్లు కంపెనీది కాబట్టి చలి గురించి ఏనాడూ నోరెత్తలేదు. ఇంట్లో బిల్లు నాది. అక్కడ ఏసీ రిమోట్ నా దిండు కింద ఉండేది.

కువాలా సెలంగోర్‌లో మేం అద్దెకున్న ఇంటికి పడమటి ఎండ నేరుగా కొట్టేది. నా భార్యకు అప్పుడు ఆరో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని కరీంనగర్ నుంచి మా అత్తగారు రోజూ ఫోన్ చేసేది. "నేను రానమ్మా. పిల్ల పుట్టేటప్పుడు ఆయన నా పక్కన్నే ఉండాలె" అని ఈమె తల్లికి తెగేసి చెప్పింది. ఆ మాట విని పొంగిపోయాను. నాకూ అదే కోరిక. బిడ్డ మొదటి ఏడుపు ఫోన్‌లో కాకుండా ఎదురుగా నిలబడి వినాలని.

"పగలు గూడ జరసేపు ఏసీ వేసుకుంటా, ఉడుకపోస్తున్నది" అని ఒకరోజు అడిగింది. ఏసీ వద్దనకుండా ఒక ఉపాయం చెప్పాను. మాది మే నెల ఎండను కూలర్‌తో గెలిచిన వంశం. క్లాంగ్ పట్నం వెళ్లి ఒక కూలర్ కొన్నాను. అంతకుముందు ఊరెళ్లినప్పుడు సూట్‌కేసులో పెట్టుకొచ్చిన వట్టివేళ్ల తడికను దాని వెనక కట్టాను. మొదటిరోజు ఇల్లంతా మా ఊరి వేసవి వాసన. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండో వారానికి దుప్పట్లు చెమ్మగిల్లాయి. డబ్బాలో అప్పడాలు మెత్తబడ్డాయి. బీరువా వెనక గోడకు నల్లగా బూజు పట్టింది. ఇంటి యజమానురాలు పక్కింట్లోనే ఉండేది. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చినవాళ్లు. మేం ఆమెను పెద్దమ్మా అనేవాళ్లం. ఆ యాసలోనే మాట్లాడుతూ, మాట చివర మలేషియా వాళ్ల 'లా' ఒకటి తగిలించేది. ఆమె వచ్చి గోడ చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏటి బాబూ ఇది! ఇక్కడ గాల్లోనే నీళ్లున్నాయి, మళ్లీ నువ్వు పోసినావేటి లా? ఆ ఏసీ జల్లెడ ఎప్పుడైనా కడిగినావా? కిటికీకి మందం గుడ్డ కట్టు. ఏసీ ఇరవై ఆరులో పెట్టి ఫ్యాను తిప్పు. బిల్లు దానంతట అదే తగ్గుతాది."

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తడిక మార్చితే సరిపోతుందన్నాను.

నెల గడిచాక ఒకరోజు ఆఫీసు చలికి జలుబు చేసి, మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. కూలర్ ఆగి ఉంది. నా భార్య వంటింట్లో టైల్స్ మీద ఒక పక్కకు ఒత్తిగిలి, కడుపు మీద తడి తువ్వాలు కప్పుకుని పడుకుని ఉంది. పెద్దమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోంది.

"రోజూ ఇలాగే పడుకుంటాది. నీకు సెప్పొద్దంది" అంది పెద్దమ్మ.

"ఏసీ ఎందుకు వేసుకోలేదు?" అని భార్యను అడిగాను. రిమోట్ ఎక్కడుంటుందో ఆమెకు తెలుసు.

"వేస్తే నెలాఖరుకు నీ ముఖం చూడాలె గద" అంది, కళ్లు తెరవకుండానే.

నా ఒంటి మీద స్వెట్టర్ ఇంకా అలాగే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రమే ఏసీ జల్లెడ తీస్తే దుమ్ము దుప్పటిలా ఊడి వచ్చింది. కడిగి ఆరబెట్టాను. పడమటి కిటికీకి పెద్దమ్మ ఇచ్చిన మందపాటి గుడ్డ కట్టాను. ఇరవై ఆరులో పెట్టి ఫ్యాను వేస్తే గది హాయిగా చల్లబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు బాగా వచ్చు.

తెల్లారి లేచాక నా భార్య, "టికెట్ బుక్ చేయి. ఇంకా ఆలస్యమైతే విమానం ఎక్కనియ్యరు" అంది. ఇకనుంచి పగలూ రాత్రీ ఏసీ వేద్దాం అన్నాను. ఉండమని బతిమాలాను.

"నాకు కోపం లేదు. నెల రోజుల సంది నిద్ర లేదు, గంతే. మా అమ్మ దగ్గర పండుకుంట" అంది.

వెళ్లిపోయింది. పెద్దమ్మ ఆ కూలర్ తొట్టిని పెరట్లో పెట్టించి కరివేపాకు మొక్క నాటింది. పెద్దమ్మ మీద, ఆ మొక్క మీద కూడా నాకు కోపం వచ్చేది.

కాన్పుకు సెలవు దొరకలేదు. మా అమ్మాయి మొదటి ఏడుపు నేను ఆఫీసులో, స్వెట్టర్ వేసుకుని, ఫోన్‌లో విన్నాను. మధ్యలో సిగ్నల్ రెండుసార్లు తెగింది. ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ గేటు దగ్గర కరెంటు బిల్లు పట్టుకుని నిలబడి ఉంది.

"సూడు బాబూ, ఎంత తగ్గినాదో!" అంది మెచ్చుకోలుగా.

ఆ ఇంట్లో నేనున్నన్నాళ్లూ అంత తక్కువ బిల్లు ఎప్పుడూ రాలేదు. దాన్ని చేత్తో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఏడ్చాను.