బాపుకు వేరుగ వండిన పప్పు

మా అత్తగారింట్ల మగవాళ్లు అన్నం తినే తీరు చూసినంకనే నాకు తెలిసింది, ఆకలిని వాటాలేసుకోవడం ఉన్నోళ్ల విద్య అని. పప్పుకు పిడికెడు అన్నం, వంకాయకూరకు పిడికెడు, పులుసుకింత, పెరుగుకింత. వెనకాల ఏం వస్తదో చిన్నప్పటి నుంచి ఎరిగిన కడుపులు.

మా బాపు మగ్గం నేసే మనిషి. మా ఇంట్ల అవ్వ వండిన జొన్న గటక మీద పచ్చిపులుసు పోస్తే అదే మొదలు, అదే ఆఖరు. నా కాలేజీ చదువు చూసి జమ్మికుంట బట్టల వ్యాపారస్తులు నన్ను కోడలిగ చేసుకున్నరు. పెండ్లయిన కొత్తల బాపు నన్ను చూడవచ్చి, మగవాళ్ల బంతిల కూసున్నడు. పప్పు, నెయ్యి పడంగనే అదే భోజనమనుకున్నడు. మళ్ల అన్నం, మళ్ల పప్పు అడిగి కడుపునిండ తిని లేవబోయిండు. అప్పుడొచ్చింది వంకాయకూర గిన్నె.

"ఏంది వదినా, మీ బాపు పప్పు మీదనే పందెం కాసిండా?" అన్నడు మా మరిది. బంతంత నవ్విండ్రు.

కాలేజీల లెక్చరర్లతోనే వాదం పెట్టుకున్నదాన్ని నేను. 'మా ఇంట్ల ఒక్కటే వండుకుంటం, మీ తీరు ఆయనకు తెల్వదు' అంటే అయిపోతుండె. ఆ మాట నోట్లకు రాలే. "బాపుకు పత్యం. డాక్టర్ పప్పన్నం తప్ప ఏం తినద్దన్నడు" అన్న.

బాపు నా దిక్కు చూసిండు. మా అత్తమ్మతోని, "అవును చెల్లె, కడుపుల మంట" అన్నడు.

అత్తమ్మ చెడ్డదైతే నాకింత సిగ్గు ఉండకపోతుండె. బాపు మళ్ల దసరాకు వచ్చిండు. అందరి విస్తర్లల్ల మాంసం, గారెలు. బాపు విస్తరిల మెత్తటి అన్నం, కారం లేని పప్పు.

"నీ పత్యం నేను మరువలే అన్నా, నీకు వేరుగ వండిన" అన్నది అత్తమ్మ, ప్రేమగనే.

వడ్డించేది నేను. కూరగిన్నె పట్టుకొని బాపు ముందట నిలబడ్డ. అబద్ధం బయటపడ్తదని పక్క విస్తరికి పోయిన. బీదరికం ఎందుకున్నదని ఎవరన్న అడిగితే గంటసేపు ఉపన్యాసం చెప్పే నోరు నాది.

బాపు నిమ్మలంగ తిన్నడు. అత్తమ్మ ఇంకింత పప్పు వేస్తే వద్దనలే.

పొద్దుగూకంగ బస్సు ఎక్కియ్యను వెంట పోయిన. "అవ్వకు చెప్పకు బాపూ" అన్న.

"ఎందుకు చెప్ప? మీ అత్తమ్మ నాకు వేరుగ వండిందంటే ఖుషీ అయితది." బస్సు వచ్చే దిక్కు చూసుకుంట అడిగిండు. "గా మాంసంల ఏమేసిండ్రు బిడ్డా? మస్తు వాసనొచ్చింది."

గసాలు, ఎండుకొబ్బరి, అల్లం, లవంగాలు... ఏది ముందు వేయించాలె, ఏది వెనక నూరాలె, అన్నీ చెప్పిన. ఇంటికి పోయి వండిచ్చుకుంటడన్నట్టు, బస్సు వచ్చేదాక చెప్పుకుంటనే ఉన్న.