మీలో ఎలాగ సేత్తారు?

మా చిలకమ్మ పిన్నికి ఒకే ఒక్క బలహీనత. నలుగురు ఆడవాళ్లు బేనరు కట్టుకుని రోడ్డు మీద కూర్చున్నారంటే చాలు, ఆమె కాళ్లు వాటంతటవే అటు తిరిగిపోతాయి. ఆ ధర్నా ఎవరిది, దేనికోసం, ఎవరి మీద అన్నవి తరవాతి సంగతులు. ముందు వెళ్లి వాళ్ల మధ్య చోటు చేసుకుని కూర్చుంటుంది. రెండు నిమిషాలాగి పక్కామెను అడుగుతుంది, "మీలో ఎలాగ సేత్తారు?" అని.

అడిగేది హిందీలోనే. నలభై ఏళ్ల కిందట సోంపేట దగ్గర పల్లె నుంచి పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చిన మనిషి, హిందీ ధారాళంగా మాట్లాడుతుంది. కాకపోతే ఆమె హిందీలో ఆడ, మగ తేడా లేదు. రైలూ, పోలీసూ, పెళ్లికూతురూ, పెళ్లికొడుకూ అందరూ వస్తాడు, అందరూ పోతాడు. స్త్రీ పురుష సమానత్వం దేశంలో ఎప్పుడొస్తుందో గాని పిన్ని వ్యాకరణంలోకి ఎప్పుడో వచ్చేసింది.

ఆ ఊళ్లోనే బర్మామైన్స్ పేటలో మా ఇంటికి మూడిళ్ల అవతల ఆవిడ ఇల్లు. భర్త తవిటయ్య బాబాయి టాటానగర్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. మా సందులో ఈ చివర తెలుగువాళ్లు, ఆ చివర ఒరియావాళ్లు, మధ్యలో బీహారీలు, బెంగాలీలు, సంతాలీ ఆదివాసీలు. కుళాయి నీళ్లు ఆలస్యమైతే అయిదు భాషల్లో తిట్లు వినిపిస్తాయి. పిన్ని ఆ తిట్లు కూడా శ్రద్ధగా వినేది, ఎవరు ఏ వరసలో ఎవర్ని తిడుతున్నారో పోల్చి చూసేది. మా అమ్మాయి వెన్నెల ఆమెకి 'సర్వేవాలీ నానీ', అంటే సర్వే అమ్మమ్మ అని పేరు పెట్టింది.

ఒకసారి సాక్చీ బజారులో రోడ్డుకి అటొక ధర్నా, ఇటొక ధర్నా జరిగాయి. ఫుట్‌పాత్ మీద కూరగాయలు అమ్ముకోనివ్వాలని ఒకవైపు ఆడవాళ్లు. ఫుట్‌పాత్ ఖాళీ చేయిస్తేనే ఆడపిల్లలు క్షేమంగా నడవగలరని రెండోవైపు ఆడవాళ్లు. పిన్ని పొద్దున్న వీళ్లతో కూర్చుని టీ తాగింది. మధ్యాహ్నం రోడ్డు దాటి వాళ్లతో కూర్చుని టీ తాగింది. సాయంత్రానికి రెండు వైపులా ఆమెను గూఢచారి అనుకున్నారు. ఎవరో చెబితే ఒక లేడీ కానిస్టేబుల్ వచ్చి, అమ్మా నువ్వు ఏ పార్టీ అని అడిగింది. పిన్ని ఆ పిల్లని పైనుంచి కిందిదాకా చూసి, పోలీసు ఆడవాళ్లకి ధర్నా చెయ్యాలనిపిస్తే ఎక్కడ కూర్చుంటారని ఎదురడిగింది. ఆ పిల్ల కాసేపు ఆలోచించి లాఠీ గోడకి ఆనించి పక్కన కూర్చుంది. డ్యూటీలో ఉన్నప్పుడు మరుగుదొడ్డి దొరక్క నీళ్లు తాగడమే మానేశానని చెప్పింది. పిన్ని ఇంటికొచ్చి రెండు ధర్నాల సంగతీ చెప్పలేదు, ఆ పిల్ల నీళ్లు తాగడం లేదని మాత్రం వారం రోజులు చెప్పింది.

బీహారీ ఆడవాళ్ల ధర్నా అంటే ఆమెకి ప్రాణం. వాళ్ల పెళ్లిళ్లలో వియ్యాలవారిని ఆటపట్టిస్తూ పాడే ఎకసెక్కాల పాటలుంటాయి. పదిహేను రోజులు నీళ్లు రాకపోతే వాళ్లు డోలక్ పట్టుకుని వెళ్లి, నీళ్ల ఇంజనీరు ఇంటి ముందు ఆ పాటలే అందుకున్నారు. ఆయన మేనత్తనీ, మీసాన్నీ, కొత్త స్కూటర్నీ ఏదీ వదల్లేదు. పెళ్లిపాటకి కోపం తెచ్చుకోకూడదు గదా, ఆయనకి నవ్వాలో తలుపేసుకోవాలో తెలియలేదు. పిన్ని వచ్చి మాకు వర్ణించి చెప్పింది. మన వైపైతే ముందు మట్టి దోసిట్లోకి తీసుకుని శాపనార్థాలు పెడతారట, సగంమంది ఆ ఊపులోనే అలిసిపోతారట. ఈళ్ల పద్ధతిలో గొంతుకి నొప్పి లేదు, రోజంతా పాడొచ్చు అని ఆమె తీర్మానం.

ఆమె ప్రశ్నల వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయింది తవిటయ్య బాబాయి. అంగన్‌వాడీ ఆడవాళ్ల ధర్నాలో పిన్ని అందర్నీ ఒకే మాట అడిగిందట, నువ్విక్కడ కూకుంటే మీ ఇంట్లో వంటెవలు సేత్తారు అని. ఒకామె అన్నీ చెప్పి, చివర మరి మీ ఇంట్లో అని తిరిగి అడిగింది. పిన్ని అబద్ధం చెప్పదు. నేనే పొద్దున్న వండిపెట్టి వచ్చానని ఒప్పుకుంది. పక్కనున్నవాళ్లంతా నవ్వారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బాబాయిని వంటింట్లో నిలబెట్టింది. ముప్పై ఏళ్లు గూడ్సు రైలు వెనక పెట్టెలో కూర్చుని పచ్చజెండా ఊపిన మనిషి, చింతపండు ఎంత వెయ్యాలో తెలియక మూడు రోజులు సందులో ఇంటింటికీ తిరిగాడు. ఇప్పుడు ఆయన పెట్టే చారు కోసం మేమే గిన్నె పట్టుకుని వెళ్తున్నాం.

ఇలా నవ్వుకుంటూ ఉండగా మా సందు మొదట్లో ఇంగ్లీషు మందు షాపు తెరిచారు. బడికి వెళ్లే దారి అదే. సాయంత్రం అయ్యేసరికి పిల్లలు తాగినవాళ్ల మధ్యనుంచి తప్పుకుంటూ నడవాల్సి వచ్చేది. నేను ఆ బడిలోనే టీచర్ని. మా తెలుగు మహిళా సంఘం అధ్యక్షురాలు గౌరీదేవిగారు అర్జీ రాశారు, మేమంతా సంతకాలు పెట్టాం. ఎక్సైజు ఆఫీసులో తీసుకున్నారు, చూస్తామన్నారు. నెల తిరిగింది. రెండో అర్జీ ఇచ్చాం. షాపుకి కొత్త లైట్లు పెట్టారు.

గౌరీదేవిగారు మంచి మనిషి, కోపం మనిషి. వాళ్లమ్మ ఒకప్పుడు తమ ఊళ్లో సారా కొట్టు మీదికి చీపురూ కారప్పొడీ పట్టుకుని వెళ్లిన ఆడవాళ్లలో ముందు నడిచింది. ఆ కథ చెప్పేటప్పుడు గౌరీదేవిగారి గొంతు మారిపోతుంది. షాపు మీద పగ తీరక ఒకరోజు మీటింగులో ఆవిడ కొత్త మాట అన్నారు. పర్సుడీహ్ సంతలో ఆదివాసీ ఆడవాళ్లు చెట్ల కింద కూర్చుని హండియా అమ్ముతున్నారు, అన్నం పులియబెట్టి చేసే తెల్లటి కల్లు లాంటిది, ఇంగ్లీషైనా దేశీ అయినా మందు మందే, ముందు అక్కడ మొదలుపెడదాం అన్నారు. షాపుకి ఇనుప తలుపుంది, వెనక పెద్దవాళ్లున్నారు. సంతలో మట్టికుండలే ఉన్నాయి. ఆ తేడా మా అందరికీ తెలుసు, ఎవరం నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఇరవై మందిమి చీపుర్లతో పర్సుడీహ్‌లో ఆటోలు దిగాం. పిన్ని కూడా ఉంది. చెట్టు కింద మొదటి కుండ దగ్గర యాభై ఏళ్ల మనిషి కూర్చుని ఉంది, పక్కన ఆకు దొన్నెల దొంతర. మమ్మల్నీ చీపుర్లనీ చూసి రెండు చేతులూ కుండ చుట్టూ వేసింది. గౌరీదేవిగారు చీపురు ఎత్తారు.

కుండకీ చీపురుకీ మధ్య చిలకమ్మ పిన్ని బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నీ పేరేటమ్మా?" అంది.

ఆమె పిన్ని వంక ఒక్క క్షణం చూసి, చాంపా హాంస్‌దా అంది. ఇక పిన్ని ప్రశ్నలు మొదలయ్యాయి. ఇది ఎలాగ సేత్తారు, ఎవలు నేర్పారు, మీలో ఆడోల్లు కూడా తాగుతారా. చాంపా ఒక్కోదానికీ నింపాదిగా జవాబు చెప్పింది. మొదటి దొన్నె పెద్దలకి పెడతామంది. పెళ్లయినా, పంట వేసినా, చావైనా ఇది లేకుండా జరగదంది. భర్త పోయాక ఈ కుండతోనే కూతుర్ని నర్సు చదివించానంది. ఎండ మా నడినెత్తిన ఉంది. చీపుర్లు ఎత్తిపట్టుకుని ఎంతసేపని నిలబడగలం? ఒక్కొక్కటే కిందికి దిగాయి.

"మీలో ఆడోల్లు ముట్టుకోకూడనిది ఏటైనా ఉందా?" అని అడిగింది పిన్ని.

ఉంది, నాగలి ముట్టకూడదు, ఇంటి కప్పు ఎక్కకూడదు అంది చాంపా. భర్త చనిపోయిన ఏడాది కప్పు కారితే, మరిది వచ్చి ఎక్కేదాకా వానాకాలమంతా గిన్నెలు పెట్టుకుని కూర్చున్నామంది.

అప్పుడు, ఎవరూ అనుకోని విధంగా, గౌరీదేవిగారు అడిగారు.

"మీరే ఎక్కేస్తే ఏమవుతుంది?"

"తెలీదు దీదీ. ఎవరూ ఎక్కి చూడలేదు."

గౌరీదేవిగారు చీపురు పక్కన పెట్టారు. తరవాత నేల మీద కూర్చున్నారు. ఇస్త్రీ చీర మాసిపోతుందని బస్సులో కూడా రుమాలు పరుచుకునే మనిషి. మా నాన్నకి నేనొక్కదాన్నే, ఆయన పోతే నన్ను శ్మశానానికి రానివ్వలేదు అన్నారు. ఎప్పుడూ చూడని దూరపు చుట్టం ఒకాయన్ని పిలిచి తల కొరివి పెట్టించారట, తాను వీధి గుమ్మంలోనే నిలబడిపోయారట. ఇరవై ఏళ్లుగా సంఘంలో ఉన్నాం, ఈ సంగతి మాకెవరికీ తెలియదు. చాంపా ఒక దొన్నెలో మంచినీళ్లు పోసి ఆవిడ చేతికిచ్చింది.

నీళ్లు తాగాక చాంపా నెమ్మదిగా అడిగింది, "ఇంతకీ మీరంతా చీపుర్లు పట్టుకుని ఎందుకొచ్చారు?"

మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఎప్పుడూ నోరు మూయని పిన్ని కూడా ఆ నిమిషంలో చెట్టుకొమ్మల్లోకి చూస్తూ ఊరుకుంది.

"ఊడవడానికి," అన్నారు గౌరీదేవిగారు.

అన్నాక ఊడవక తప్పుతుందా? ఇరవై మందిమి కొంగులు దోపుకుని పర్సుడీహ్ సంతలో ఆ చెట్ల కింద అంతా ఊడ్చాం. చుట్టూ ఉన్న కొట్లవాళ్లు ఇది ఏ పార్టీవాళ్ల పనో అర్థంగాక చూశారు. ఒకాయన ఫోటో తీశాడు. మర్నాడు పేపర్లో 'తెలుగు మహిళల స్వచ్ఛత కార్యక్రమం' అని పడింది.

ఊడుస్తుండగానే చాంపా ఇంకో సంగతి చెప్పింది. రెండేళ్ల కిందట వాళ్ల సంత పక్కనా ఇంగ్లీషు మందు షాపు పెట్టబోయారట. వాళ్లు అరవలేదు, అర్జీ రాయలేదు. పొద్దున్నే తట్టలూ బుట్టలూ తెచ్చుకుని షాపు తలుపు ముందు వరసగా కూర్చుని ఆకుకూరలు అమ్ముకున్నారు. నాలుగు రోజులు. తలుపు తెరవడానికి చోటుంటేగా?

తరవాతి వారం మా సందు మొదట్లో అదే జరిగింది, జరిగే ముందు పెద్ద గొడవే అయింది. 'మద్యం వద్దు' అని గౌరీదేవిగారు బేనరు రాయించారు. ఆ బేనరు కింద మేం కూర్చోం, మా కుండ మాకు తప్పు కాదు అన్నారు చాంపావాళ్లు. పూటంతా వాదించుకున్నారు. పిన్ని రెండు వైపులా తిరిగి టీ తాగింది. చివరికి వెన్నెల ఆ గుడ్డ తిరగేసి, వెనకవైపు హిందీలో 'బడి ముందు వద్దు' అని రాసింది. దాని కింద అందరూ కూర్చున్నారు. సంతాలీ ఆడవాళ్లు బుట్టలతో వచ్చారు, బీహారీవాళ్లు డోలక్‌తో వచ్చారు, మేం చీపుర్లతో గంటకోసారి షాపు మెట్లు ఊడ్చాం. మధ్యాహ్నం తవిటయ్య బాబాయి పెద్ద గిన్నెలో చారన్నం తెచ్చాడు. షాపు మేనేజరు రెండో రోజు పాట విని నవ్వాడు, అయిదో రోజు నవ్వలేదు. నాలుగో వారానికి షాపు రైలుపట్టాల అవతలికి మారిపోయింది. హండియా కూడా మందేనని గౌరీదేవిగారు ఇప్పటికీ అంటారు. అంటూనే మంగళవారాలు చాంపా దగ్గర ఆకుకూర కొనుక్కొస్తారు.

వానలు మొదలయ్యాక పుట్టగొడుగుల కోసం నేనొక్కదాన్నే సంతకి వెళ్లాను. చాంపా నన్ను గుర్తుపట్టి, దీదీ బాగుందా అని అడిగింది. ఏ దీదీ అన్నాను. చిలకమ్మ దీదీ అంది. పదకొండేళ్లుగా తెలుసట. కూతురికి నర్సింగులో సీటు వచ్చినప్పుడు ఆ పిల్లని వెంటబెట్టుకుని హాస్టల్లో చేర్పించి వచ్చింది పిన్నేనట. కప్పు కారిన వానాకాలం వాళ్లింట్లో గిన్నెలు సరిపోకపోతే తనింటి గిన్నెలు తెచ్చి పెట్టింది కూడా పిన్నేనట.

నేను పుట్టగొడుగుల సంచీ పట్టుకుని తిన్నగా పిన్ని ఇంటికి వెళ్లాను. బాబాయి చారు తాలింపు వేస్తున్నాడు, పిన్ని గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. పదకొండేళ్ల నుంచి తెలిసిన మనిషిని పేరేమిటని ఎలా అడిగావని నిలదీశాను.

పిన్ని చేట పక్కన పెట్టింది.

"నాకు తెలుసమ్మా. గౌరీదేవికి తెలీదు గదా. ఆవిడ అడగదు, అడిగితే పరువు తక్కువ అనుకుంటాది. సెప్తే ఇనదు, కోపమొత్తాది. ఎవలో ఒకలు తెలీనోల్లుండాల గదా అక్కడ."

అంటే ఇన్నేళ్లూ ఆ ధర్నాలన్నిట్లో అడిగిన ప్రశ్నలు, అని నేను మొదలుపెట్టాను. సగం నిజంగానే తెలీకడిగాను, సగం పక్కోల్లు ఇంటారని అడిగాను, ఏది ఏ సగమో ఇప్పుడు నాకే జ్ఞాపకం నేదు అంది.

తరవాత ఏదో గుర్తొచ్చి ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

"ఊడవడానికి అని గౌరీదేవి అన్నప్పుడు సూసినావా, ఆ సాంపా నా నడ్డి గిల్లీసింది. నవ్వాపుకోనేక సచ్చిపోనాను."