తూకానికి పోని పుస్తకాలు

కడపలో సుబ్బరాయుడన్న పుస్తకాల అంగడి మూసేస్తున్నారని ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. డిగ్రీ రోజుల్లో ఆ అంగట్లో నిలబడి చదివినన్ని పుస్తకాలు నేను కాలేజీలో కూడా చదవలేదు. చివరిసారి చూసి రావాలని ఆదివారం తెల్లవారుజామునే కర్నూలు బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్టు మూడు వందల చిల్లర. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా నాలుగైదు గంటల దారి. పొద్దున పూట ఎడమవైపు కూర్చుంటే ఎండ ముఖానికే కొడుతుంది. నాకు ఎలాగూ నిద్ర పట్టలేదు. ఆయనను ఏమని పలకరించాలో తెలియక దారంతా మథనపడుతూనే ఉన్నాను.

కడపలో దిగి ఆటో అతనికి అంగడి పేరు చెప్పాను. "ఓ, ఉగ్గాణి అంగడా! ఈ పొద్దు శానామంది ఉంటారన్నా" అన్నాడు.

"ఉగ్గాణి కాదప్పా, పుస్తకాల అంగడి."

"రెండూ ఒకటేలే, కూర్చో."

నిజంగానే ఒకటే. ముందు భాగంలో పొయ్యి, నానబెట్టిన బొరుగులతో తాలింపు పెట్టిన ఉగ్గాణి, మిరపకాయ బజ్జీల మూకుడు. లోపల గోడ పొడవునా అవే పాత బీరువాలు. వాటి మధ్య బల్లల మీద ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్లు తలెత్తకుండా కూర్చుని ఉన్నారు. సుబ్బరాయుడన్న నన్ను గుర్తుపట్టి చేయి పట్టుకున్నాడు.

"మూసేస్తున్నావని విన్నానన్నా" అన్నాను.

"మూసేసేవాణ్ణే. కొనేవాళ్లు తగ్గిపాయ. అంతా తూకానికి ఇచ్చేద్దామని పాత పేపర్లాయప్పను పిలిపించినా. మీ వదిన అడ్డం నిలబడె."

పొయ్యి దగ్గరి నుంచే లక్ష్మీదేవి వదిన అందుకుంది. "నాకు వంట వచ్చు కదప్పా! తినేకి వచ్చినోళ్లు ఒక పుస్తకమన్నా చూడకుండా పోతారా? తక్కెడ ఎత్తుకోని పొమ్మని చెప్పినా ఆయప్పకు."

నా మిత్రుడు చూసింది, ఈ మార్పుల కోసం షట్టరు దించిన రోజుల్లోనట. ఇప్పుడు పరీక్షల పుస్తకాలు రోజు బాడుగకు ఇస్తున్నారు. అదీ, టిఫినూ కలిసి అంగడి అద్దెకు సరిపోతున్నాయి. కథలు, నవలలు నిదానంగా అమ్ముడవుతాయి, తొందర లేదన్నాడు అన్న. ఆ మాట వినగానే పొద్దుటి నుంచి గుండెల మీదున్న బరువు దిగి, అప్పుడు ఆకలి తెలిసింది. రెండు ప్లేట్లు తిన్నాను. పరామర్శకని బయలుదేరినవాణ్ణి, సంచీ నిండా నవలలతో మధ్యాహ్నం బస్సెక్కి, నంద్యాల దాకా ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

మీరూ వెళ్తే పది గంటల లోపు చేరుకోండి, తర్వాత ఉగ్గాణి దొరకదు. తిన్నాక చేతులు కడుక్కుని, తడి పూర్తిగా తుడుచుకున్నాకే బీరువా దగ్గరికి వెళ్లండి. వదిన చూస్తూనే ఉంటుంది.